పెద్దబాపు పొట్టు కుప్ప

పెద్దబాపు పోయిండని దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నా చేతిలో పార ఉంది. కాసేపటికి బాపు బండేసుకొని షెడ్డు కాడికి వచ్చేసరికి కూడా పారే ఉంది. మా ఇంట్లో నా మీద పడ్డ మచ్చ అదే. ప్రార్థనకు వచ్చిన ప్రతి ఒక్కరికీ చిన్నత్త చెప్పింది: "సొంత పెద్దబాపు పోతే కట్టె పొట్టు తోడుకుంట నిలబడ్డది. గుండెనా, బండనా?"

నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. నాలుగు రోజులు ఆయన మంచం పక్కనే ఉన్న. ఐదో రోజు ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి ఆయనే కసిరిండు: "ఈడ కూసోని ఏంజేస్తానవ్? కుప్ప తిప్పక ఎన్ని రోజులైంది? తిప్పకుంటే లోపల్నే కాగి అంటుకుంటది. పో బిడ్డా." నేను షెడ్డుకు చేరేసరికి కుప్ప నడుమలోంచి సన్నగా పొగ లేస్తోంది. ఆవిరి కాదు, పొగ. మాడిన వాసన. పక్కనే సామిల్లు, ఎండిన దుంగలు. పైపుతో నీళ్లు కొట్టుకుంటూ, పొట్టును తోడి పలుచగా పరుస్తున్నప్పుడే ఆ ఫోన్ వచ్చింది. పార కింద పడేస్తే ఏమయ్యేదో నాకు తెలుసు. అందుకే పడేయలేదు.

మా పెద్దబాపు, బాపుకు సొంత అన్న, వరంగల్ సామిల్లుల్లో ఏండ్లకేండ్లు రంపం మీద పనిచేసిండు. పెండ్లి చేసుకోలేదు. పని చాతగానంక, మిల్లుల వాళ్లు తగలబెట్టే పొట్టూ బెరడూ ఆటోలో తెచ్చుకొని, పెండ, కోళ్ల ఎరువు కలిపి, తడిపి కుప్ప పోసేవాడు. నెలల తరబడి తిప్పితే అది నల్లగా, మెత్తగా మారేది. నర్సరీల వాళ్లు దాన్ని కుండీల్లో నింపుకునేవాళ్లు. ప్లైవుడ్ పొట్టు మాత్రం గంపెడు కూడా రానిచ్చేవాడు కాదు. "జిగురు తాగిన కట్టె మన మాట వినది," అనేవాడు.

ఇనుప సలాక కుప్పలో గుచ్చి ఉంచి, తీసి అరచేతిలో పట్టుకునేవాడు. పట్టుకోలేనంత కాలితే ఆ రోజు తిప్పుడే. "జ్వరం జూద్దాం పా," అని నన్ను పిలిచేవాడు. నేనప్పటికి బీటెక్ చేసి, రెండు ఉద్యోగాలు వదిలేసి ఇంట్లో ఉన్న. ఎందుకు వదిలేసినవని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. పార ఇచ్చిండు, అంతే.

ఒకసారి ఆయన ఊర్లో లేనప్పుడు కుప్ప నల్లబడింది కదా అని, తయారైందనుకొని, సుబేదారిలో ఒక నర్సరీకి సంచులు ఎక్కించి పంపిన. బస్తా కట్టే ముందు ఆయన ప్రతిసారీ ఒక డబ్బాలో మెంతులు చల్లి, మొలకలు పచ్చగా వస్తున్నయా లేదా అని చూసేవాడు. నాకు అంత ఓపిక లేకపోయింది. కొన్నాళ్లకు నర్సరీ అక్క ఫోన్ చేసి అరిచింది: "నీ మట్టి నా బంతి మొక్కల కూడు గుంజుకుంటాంది! అన్నీ పసుపచ్చబడ్డయ్, వచ్చి జూడు!"

పెద్దబాపు నన్ను తిట్టలేదు. ఆటోలో తీసుకపోయి ఆ మొక్కల ముందర నిలబెట్టిండు. అది తిట్టుకంటే ఎక్కువ.

"నల్లగైతే అయిపోయినట్టు కాదు బిడ్డా. కట్టె ఇంకా ఆకలి మీదున్నది. ముందుగాల అది తినాలె, తర్వాతనే మొక్కకు మిగులుతది."

"మరి ఎట్ల తెలుస్తది?"

"ఆగితే తెలుస్తది. నీకు రానిది గదొక్కటే."

నర్సరీ అక్క నవ్వింది. నాకు రోషం వచ్చింది. సంచులన్నీ వెనక్కి తెచ్చి మళ్లీ కుప్ప పోసినం. సాయంత్రం పోయేటప్పుడు నా చేతుల బొబ్బలు చూసి, తన తువ్వాల చింపి కట్టిండు.

సమాధి చేసిన మూడో రోజు బాపు అన్నం ముందర కూర్చొని చెప్పిండు: "రేపు ఇటుక బట్టీ వాళ్ల లారీ వస్తది. పొట్టు మొత్తం కాల్చుకునేతందుకు ఎత్తుకపోతరు. నువ్వు జర అడ్డం పడకు."

"ఇంకో రెండు నెలలాగితే తయారైతది బాపూ."

"అయితే? అప్పటిదాక నువ్వుంటవా? ఒక్క కాడ ఆర్నెల్లన్న ఉన్నవా ఎప్పుడన్న?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ కుప్ప పోసిన మనిషి మట్టిలో ఉన్నడు, కుప్ప ఇంకా పచ్చిగానే ఉంది. ఇప్పుడు అది బట్టీకి పోతే బూడిదే.

తెల్లారి అందరికంటే ముందే షెడ్డుకు పోయిన. కుప్ప పైపొర తీస్తే లోపల బెరడు ముక్కల మీద తెల్లటి బూజు దారాలు, సాలెగూడంత సన్నగా, ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు పాకుతున్నయి. మాడిన చోట కూడా. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, కాలడం లేదు. గేటు బయట లారీ ఆగింది. డ్రైవర్ హారన్ కొట్టిండు. గేటు అవతలి నుంచి బాపు నా పేరు పెట్టి పిలిచిండు, ఒకసారి, రెండుసార్లు. మూడోసారి గొంతు మారింది. చలికి కుప్ప మీంచి ఆవిరి లేచి, గేటు ఊచల దాకా పోయి విడిపోతోంది.

ఊచల ఇవతలి నుంచే చెప్పిన. లారీ వాపసు పోవాలె. కుప్ప నేను తిప్పుతున్న.