సంతలో కొత్త సూది

నర్సు డ్యూటీ దిగి ఈ సాయంత్రం పావగడ సంతకు వెళ్లాను. పచ్చబొట్లు పొడిచే ఆమె దగ్గర మా వీధి హనుమక్క, మనవరాలి చెయ్యి వెనక్కి లాగి గొడవ పడుతోంది.

“ఇప్పుడే ఇంకొకరికి పొడిచిన సూది అది. కొత్తది తియ్యి. రక్తంలోంచి హెపటైటిస్ బి అంటుకుంటాదంట, కాలేయం చెడిపోతాదంట!”

“నీ మొగుని పేరు పొడిచినప్పుడు అడగలేదేంది?”

“అప్పుడు నాకు తెలీదు. ఇప్పుడు తెలిసిండాది కదమ్మా!”

వెనకున్న ఆడవాళ్లు కూడా “మాకూ కొత్తదే” అన్నారు. పచ్చబొట్లామె గొణుక్కుంటూనే కొత్త సూదుల పొట్లం విప్పింది.

పోయిన వారం ఈ సంగతి నేను చెప్తుంటే హనుమక్క వేరుశనక్కాయలు వలుస్తూ తలైనా ఎత్తలేదు. నా మాటలు వృథా అనుకున్నాను. మీ మాట కూడా ఇలా ఎవరైనా విననట్టే విన్నారా?