మరిది బదులు నేర్చుకున్న ఆశల పాఠం

నార్సింగి ఇంకా ఊరిలాగే ఉండి, గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు ఒక్కొక్కటీ లేస్తున్న కాలమది. ఇంగ్లీషు వస్తే చాలు, ఉద్యోగం పిలిచి ఇస్తారని అందరూ చెప్పుకునేవారు. నేను చదివింది ఐదో తరగతే అయినా ఆ మాట గట్టిగా నమ్మి, మా మరిదిని గచ్చిబౌలిలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే క్లాసులో చేర్పించాను. (వాడికి అంత ఇష్టం లేదు. వాడినెవరు అడిగారు?) క్లాసులు అయిపోగానే ఒక అద్దాల మేడలో, వచ్చేపోయేవాళ్లను పలకరించి పేర్లు రాసుకునే ఉద్యోగానికి వాడి ఇంటర్వ్యూ. తీరా ఫీజు కట్టాక వాడికి ఒళ్లంతా అమ్మవారు పోసింది. ఫీజు వెనక్కి రాదన్నారు. డబ్బు కట్టిన కుర్చీ ఖాళీగా ఉంటుందనే ఆలోచనకే నాకు అన్నం సహించలేదు. మర్నాడు బస్సెక్కి వెళ్లి ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను.

గోదావరి వైపు నుంచి వచ్చిన సారు నన్ను చూసి కంగారుపడ్డాడు. "ఎవరి కోసమండీ?"

"మా మరిది బదులు నేనొచ్చిన, సారూ. మీరు చెప్పుండ్రి, నేను ఇంటికి పోయి వానికి చెప్త."

కుర్రాళ్లంతా గొల్లుమన్నారు. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాను, సద్దుమణిగారు. ఆ రోజు పాఠం 'ఇఫ్'తోనూ 'ఐ విష్'తోనూ మాటలు చెప్పడం. ఒకడు రెక్కలుంటే ఎగిరేవాణ్ణన్నాడు, ఇంకొకడు తాను మంత్రినైతే బాగుండునన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"లేనిదాని గురించి గిన్ని మాటలెందుకు సారూ?"

"ఆశ పడటం నేర్పుతున్నానమ్మా. దానికి ఖర్చేం లేదు కదండీ!"

ఖర్చు లేదన్నాక వదులుకోవడం నా వల్ల కాలేదు. గేదె ఇంకో పూట పాలివ్వాలని, మా అత్తకు కోపం తగ్గాలని, వచ్చిన ఇంగ్లీషులో ఆపకుండా చెప్పేశాను. సారే చేతులు జోడించి కూర్చోమన్నాడు.

అలా రోజూ క్లాసుకు వెళ్లొచ్చి, సాయంత్రం వేపాకుల మధ్య పడుకున్న మరిదికి గడప దగ్గర కూర్చుని అదే పాఠం చెప్పేదాన్ని. రోజుకిన్ని ఆశలు చెబితేనే గంజి.

"వదినా, ఇగ నా తాన ఆశలు అయిపోయినయ్."

"నీ వయసుల ఆశలు అయిపోతయారా? జర ఎతుకు, ఉంటయ్."

ఎలాగో కోలుకుని, మొహం మీద మచ్చలతోనే ఇంటర్వ్యూకు వెళ్లాడు. నేను వాకిట్లోంచి కదల్లేదు. వచ్చాడు, నవ్వుతున్నాడు.

"ఉద్యోగం ఇయ్యకపోతే ఏం చేస్తవని అడిగిన్రు వదినా. మళ్లొస్తనన్న. అప్పుడు గూడ ఇయ్యకపోతే మా వదిన వస్తదన్న. కడుపు పట్టుకొని నవ్విన్రు. సోమవారం రమ్మన్నరు!"

మా అత్త వాడికి దిష్టి తీసింది. ఆ సందడిలో నేను, "ఆ సారు క్లాసులు మళ్లెప్పుడు మొదలుపెడతడట?" అన్నాను.

"ఎవరికి వదినా?"

"ఎవరికీ లేదు. ఊకెనే అడిగిన."

వాడు నా మొహంలో ఏం చూశాడో ఏమో, మర్నాడు క్లాసు ఫీజు కట్టి ఇంకో రసీదు తెచ్చాడు, ఈసారి నా పేరు మీద. దండగ ఖర్చని వాడిని ఇంటిల్లిపాదీ వినేలా తిట్టాను. తిడుతూనే పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, బస్సు వెళ్లిపోతుందేమోనని వీధి చివరిదాకా పరుగెత్తాను. అలా పరుగెత్తిన ఆ కోపిష్ఠి మనిషి గుర్తొస్తే ఇప్పటికీ నాలో నేనే నవ్వుకుంటాను.