పుల్లీ కింద రేకు ముక్క

చెక్కకు చిత్రిక పట్టే మిషన్ మోటారు నుంచి పాత పుల్లీని పెద్దమిస్త్రీ లాగగానే, పట్టూ బిగువూ లేకుండా ఊడి వచ్చింది. దాంతో పాటే నలిగిన డబ్బా రేకు ముక్క ఒకటి నేల మీద పడింది. అది ఎవరు పెట్టారని ఎవరినీ అడగనక్కర్లేదు. పెట్టింది తనే.

ఆర్నెల్ల కిందట ఆ అల్యూమినియం పుల్లీ కంత అరిగి, షాఫ్టు మీద ఊగడం మొదలెట్టింది. కొత్తది కావాలంటే ఓనరు, "ఈ ఆర్డరు కానీ మిస్త్రీ, ఏదో ఒకటి చేసి నడిపించు" అన్నాడు. మన షెడ్లలో ఆ ఏదో ఒకటి అంటే రేకు ముక్కే. సందులో దూర్చి స్క్రూ బిగిస్తాం. పనితనమని మెచ్చుకుంటారు కూడా.

పది రోజుల కిందట రేకు జారింది. పుల్లీలో షాఫ్టు ఒట్టిగా తిరిగి బ్లేళ్ల వేగం పడిపోయింది. చెక్క ఎదురు తన్నింది. దాన్ని నెడుతున్న పెద్దమిస్త్రీ బావమరిది చెయ్యి బ్లేళ్ల మీద పడింది. మూడు వేళ్లు పోయాయి.

అప్పటి నుంచి పెద్దమిస్త్రీకి ఏడుపూ లేదు, కోపమూ లేదు. పెట్టింది తింటాడు, చెప్పింది చేస్తాడు.

వేళ్లు పోయిన పదో రోజున ఇనప పుల్లీ వచ్చింది. షాఫ్టు మీద జారకుండా చావీ అనే ఇనప ముక్క బిగించే గాడి ఉన్నది. షాఫ్టుకు ఆ గాడి మొదట్నుంచీ ఉంది, తగిన పుల్లీయే లేదు. చావీ కూర్చోబెట్టి, పుల్లీ ఎక్కించి, దారం పట్టి రెండు పుల్లీల వరస చూశాడు. బెల్టు వేసి బొటనవేలితో నొక్కాడు. మిషన్ అదురు లేకుండా తిరిగింది. సంతోషం కలగలేదు.

ఓనరు కాగితం తెచ్చాడు. రేపు లేబరాఫీసరు వస్తాడట. యంత్రం బాగానే ఉంది, పనివాడి అజాగ్రత్త అని రాసుంది. కాగితాల్లో వేళ్లెప్పుడూ అజాగ్రత్త వల్లే తెగుతాయి. కొనని పుల్లీ వల్ల తెగాయని రాసిన కాగితం నేనింతవరకు చూడలేదు.

"సంతకం పెట్టు. రేకు పెట్టిందెవరంటే ఏం చెప్తావ్?"

"నేనేనని."

"మతిపోయిందా? పని పోతుంది."

"నడిపించమన్నది మీరని కూడా చెప్తా."

సంతకం పెట్టకుండా అక్కణ్ణుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన స్టూలు మీద గోడ కేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఏంటి బావా, మళ్లీ గోడతో ముచ్చట్లా? నీ ముక్కు పిండడానికి ఇంకా ఏడు వేళ్లున్నాయి నాకు" అన్నాడు బావమరిది. వెంటనే గొంతు తగ్గించాడు. "ఎన్నిసార్లు తల్చుకున్నా అంతే బావా. నేనే ఏమరుపాటుగా ఉన్నాను."

"నువ్వు కాదు. పుల్లీలో రేకు పెట్టాను. అది జారింది."

బావమరిది కట్టున్న చేతిని వెనక్కి లాక్కున్నాడు.

"పది రోజులుగా నా తప్పే, నా తప్పే అంటుంటే వింటూ కూర్చున్నావా?"

"కూర్చున్నా."

"రేపు ఆఫీసరు ముందు చెప్తావా?"

"చెప్తా."

"చెప్పాక రా. అప్పటిదాకా రాకు."

పెద్దమిస్త్రీ లేచి, స్టూలు మంచం కిందికి తోసి, బయటికి నడిచాడు.