మిగల్లేదన్న గుడ్డ

ఆ వీధిలో అతణ్ణి టైలరని ఎవరూ అనరు. రేపు మాస్టారంటారు. బట్టలెప్పుడిస్తావని అడిగితే చాలు, మెడలో టేపు సవరించుకుని, పెదాల మధ్యనున్న గుండుసూదులు తియ్యకుండానే "రేపు" అంటాడు. ఒకాయన తన పెళ్ళికని ఇచ్చిన ప్యాంటు కొడుకు పెళ్ళినాటికి చేతికొచ్చిందనీ, అదృష్టం కొద్దీ అది ఆ కొడుక్కి సరిగ్గా సరిపోయిందనీ వీధిలో చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. కొడుక్కి నడుం దగ్గర కాస్త బిగుతైంది.

మాస్టారి రెండో మాట "గుడ్డ చాల్లేదు సార్". మెట్ల కింద ఇరుకు గది, కిటికీ పక్కన మిషను, కత్తిరింపుల బల్ల, బల్ల కింద ఒక గోనెసంచి. చాలని గుడ్డలన్నీ ఆ గోనెసంచిలోకే చేరేవి. ఆ పైన రెండు గదుల ఇల్లు. ఆ ఇంటి కర్టెను చూస్తే వీధి వీధంతా కిటికీకి వేలాడుతున్నట్టుండేది. చుట్టాలెవరైనా వచ్చి దిండు మీద తల పెట్టుకుంటే, సగం పోస్టుమాస్టరు మీద, సగం కిరాణాకొట్టాయన మీద పడుకున్నట్టు.

భార్య బేకరీలో అట్టపెట్టెలు మడిచే పని చేస్తుంది. ఇద్దరికీ సెలవు ఆదివారమే. ఆ రోజు పిల్లల్ని బస్సెక్కించి, దారి చివరున్న జూకి తీసుకెళ్ళాలని బయల్దేరతారు. బయల్దేరడం వరకే. ఇంతవరకూ చేరింది లేదు.

దానికి కారణం చిన్నవాడు. మూడేళ్ళవాడు, గుండ్రంగా ఉంటాడని బంతి అంటారు. బస్సు కదిలితే వాడి కడుపులోకి వెళ్ళింది కూడా బంతిలాగే తిరిగొస్తుంది. కండక్టరు ముక్కు మూసుకుని గంట కొడతాడు, వీళ్ళు దిగిపోతారు. వాడి పొట్ట ఎక్కడ దింపితే ఆ ఆదివారం అక్కడ. అలా ఒకసారి ఫైర్ స్టేషన్ దగ్గర దిగి ఎర్ర బండి గంట కొట్టి వచ్చారు. ఇంకోసారి బాతుల చెరువు. మరోసారి కలప అడితి, అక్కడ రంపప్పొట్టు గుట్ట మీద పిల్లలు పొద్దుగూకేదాకా దొర్లారు. ఆ ఊళ్ళో వీళ్ళు చూడని చోటు లేదు, వెళ్ళాలనుకున్న చోటు తప్ప.

ఆరేళ్ళ కూతురు మాత్రం జిరాఫీ కోసమే బతుకుతోంది. మాట తూకం వేసి మాట్లాడుతుందని దాన్ని లాయరమ్మ అంటారు. తమ్ముడి మీద ఎన్నడూ విసుక్కోలేదు. కానీ ఒక శనివారం సాయంత్రం మిషను పక్కన నిలబడి అడిగింది.

"నాన్నా, జిరాఫీ కూడా రేపేనా?"

"రేపే తల్లీ. రేపు ఆదివారం కదా."

"అది కాదు. నీ రేపా, నిజం రేపా?"

మాస్టారి కాలు మిషను మీద ఆగిపోయింది. అది ఇంకోమాట కూడా అంది. "నువ్వు నన్ను కూడా కస్టమర్ని చేసేశావు నాన్నా."

ఊరంతా తిట్టినా దులుపుకుపోయే మనిషికి ఆ మాట సూదిలా గోరు సందున దిగింది. వెంటనే గోనెసంచి బోర్లించాడు. పాత రెయిన్‌కోటు ముక్క లోపలికి, నీలం గీతల బూడిదరంగు కోటు గుడ్డ బయటికి పెట్టి, పైజమాకి పెట్టినట్టు మూతికి బొందు పెట్టి, వాంతుల సంచి ఒకటి కుట్టాడు. బొందు లాగితే గాలి కూడా బయటికి రాదు. భార్య అటూ ఇటూ తిప్పి చూసి మెచ్చుకుంది. రానూ పోనూ రెండుండాలి కదా, ఇంకోటి కుట్టమంది.

"రేపు," అన్నాడు మాస్టారు. పాత అలవాటు.

ఆదివారం బస్సులో చోటు దొరికింది. ఫైర్ స్టేషన్ దాటింది. బాతుల చెరువు దాటింది. బంతిగాడు బుగ్గలు బిగబట్టి కూర్చున్నాడు. కలప అడితి దగ్గర పళ్ళ డాక్టరుగారు ఎక్కి ఎదురు సీట్లో కూర్చున్నారు. కారు రిపేరుకిచ్చారట, జూ అవతల ఉన్న చెల్లెలింటికి వెళుతున్నారట. బస్సెక్కి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదని బస్సంతా వినబడేలా చెప్పారు.

మాస్టారు చేతిలో సంచి వంక చూసుకున్నాడు. ఆ నీలం గీతల గుడ్డ డాక్టరుగారిదే. బావమరిది ఎక్కణ్ణుంచో ఏరికోరి తెచ్చిచ్చాడనీ, ఇలాంటిది ఊళ్ళో రెండోది లేదనీ చెప్పి, కోటూ వెస్ట్‌కోటూ కుట్టమన్నారు. కోటుకే బొటాబొటీగా సరిపోయిందనీ, వెస్ట్‌కోటుకి పీలిక కూడా మిగల్లేదనీ చెప్పి పంపాడు. మాస్టారు సంచిని చల్లగా చొక్కాలోకి తోసేశాడు.

"ఉన్నట్టుండి ఆ పొట్టేంటండీ?" అంది భార్య, పెదాలు కదపకుండా.

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు అతను పొట్ట తడుముకున్నాడు. బస్సు గుట్ట మలుపులు ఎక్కడం మొదలుపెట్టింది. ఆ బస్సు మలుపు తిరిగితే ముందు చక్రాలు ఒక ఊళ్ళో, వెనక చక్రాలు ఇంకో ఊళ్ళో ఉంటాయి. బంతిగాడి మొహం తెల్లబడింది. లాయరమ్మ తమ్ముణ్ణి ఒకసారి చూసి, నీళ్ళసీసా భుజానికి తగిలించుకుంది. దిగడానికి. అలవాటైన పని.

ఆ సీసా తగిలించుకోవడం చూశాక మాస్టారు ఆగలేకపోయాడు. పోతే పరువే కదా అనుకుని చొక్కాలోంచి సంచి లాగాడు.

సరిగ్గా అప్పుడే ఎదురు సీట్లో మాటలు ఆగిపోయాయి. డాక్టరుగారు నిమ్మపండు రంగుకి తిరిగారు. చెంపల మీద చెమట. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మింగలేక కక్కలేక, మాస్టారి చేతిలో సంచి వంక చూస్తున్నారు.

సంచి ఒకటే. కావలసినవాళ్ళు ఇద్దరు. ఆయనకిస్తే కొడుకు కక్కుతాడు, కండక్టరు దింపేస్తాడు, కూతురి జిరాఫీ మళ్ళీ రేపటికి పోతుంది. రెండోది నిన్ననే కుట్టి ఉంటే? మాస్టారు తన జీవితంలో చెప్పిన రేపులన్నిటినీ ఒక్కసారిగా తిట్టుకున్నాడు.

"కక్కొచ్చినా కళ్యాణమొచ్చినా ఆగదండీ," అంది భార్య. "పెద్దాయన. ఇచ్చెయ్యండి."

మాస్టారు లేచి బొందు విప్పి సంచి డాక్టరుగారి గడ్డం కింద పట్టాడు. పన్ను పీకించుకున్నప్పుడు ఆ కుర్చీలో విన్న మాటలు వాటంతటవే నోట్లోంచి వచ్చాయి.

"నోరు తెరవండి సార్. ఏం కాదు. నొప్పేం ఉండదు."

డాక్టరుగారు నోరు తెరిచారు.

బంతిగాడు సీటు మీద లేచి నిలబడ్డాడు. పుట్టినప్పట్నుంచీ తను కక్కుతుంటే లోకం చూడడమేగాని, లోకం కక్కుతుంటే తను చూసే భాగ్యం వాడికి ఏనాడూ కలగలేదు. కళ్ళు ఇంతింత చేసుకుని చూశాడు. వాడి మొహంలోకి రంగు తిరిగొచ్చింది. తర్వాత అనుభవం ఉన్నవాడిలా ఆయన భుజం తట్టి సలహా ఇచ్చాడు.

"కిందికి చూడకు తాతా. దూరంగా చెట్టు చూడు. ఆ చెట్టు పోతే ఇంకో చెట్టు చూడు."

డాక్టరుగారు బుద్ధిగా చెట్లు చూశారు. వాడూ ఆయన పక్కన చేరి, ఇది పెద్ద చెట్టు, ఇది చిన్న చెట్టు అని చూపించుకుంటూ వచ్చాడు. ఆ హడావిడిలో వాడి కడుపు తన పని తాను మర్చిపోయింది. లాయరమ్మ నీళ్ళసీసా భుజం మీంచి తీసి డాక్టరుగారికి ఇచ్చింది.

నీళ్ళు తాగి తెప్పరిల్లాక ఆయన బొందు బిగించి ఒళ్ళో పెట్టుకున్న సంచిని తేరిపార చూశారు. నీలం గీత మీద వేలు పెట్టి చివరిదాకా లాగారు.

"మాస్టారూ, ఈ గుడ్డ..."

"మీదే సార్."

"మిగల్లేదన్నావు కదయ్యా."

మాస్టారు దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. అబద్ధానికి నోరు రాలేదు, కూతురు చూస్తోంది. "వెస్ట్‌కోటుకి మిగల్లేదు సార్. దీనికి మిగిలింది."

డాక్టరుగారు కాసేపు కిటికీలోంచి చెట్ల వంక చూశారు. భుజాలు కదిలాయి. మళ్ళీ వస్తోందేమోనని బంతిగాడు ఆశగా వంగి చూశాడు. ఆయన నవ్వుతున్నారు.

"పోనీలే. వెస్ట్‌కోటయితే ఇవాళ ఇలా ఆదుకునేది కాదు," అన్నారు. "సాయంత్రం నేనూ ఇదే బస్సులో తిరిగి రావాలి. ఇంకో సంచి ఉందా?"

మాస్టారి నాలుక మీదికి ఆ మాట రానే వచ్చింది. లాయరమ్మ తల పక్కకి వంచి చూస్తోంది.

"ఇవాళే ఇస్తాను సార్," అన్నాడు.

జూలో జిరాఫీ ఎదురుగా సిమెంటు బెంచీ ఉంది. మాస్టారు కాలరు మడతలోంచి సూదీ దారం తీసి, అన్నం తెచ్చుకున్న గుడ్డసంచిని విప్పి, లోపల ప్లాస్టిక్ కవరు పెట్టి కుట్టడం మొదలుపెట్టాడు. భార్య చెప్పులు విడిచి, కాళ్ళు చాపుకుని, ఏ పెట్టే మడవకుండా ఊరికే కూర్చుంది. పిల్లలు కమ్మీలు పట్టుకుని పైకి చూస్తున్నారు. జిరాఫీ తల ఎక్కడో ఆకుల్లో ఉంది.

"నాన్నా," అన్నాడు బంతి, "దీనికి వాంతొస్తే నోటిదాకా ఎప్పుడొస్తుంది?"

మాస్టారు జవాబు చెప్పేలోపే లాయరమ్మ చెప్పింది.

"రేపు."

మాస్టారు తలెత్తకుండా నవ్వుకుని, దారం పంటితో కొరికి, ముడి వేశాడు. సాయంత్రం బస్సు రాకముందే సంచి తయారైంది.