సైరన్ మోగితే ఏం చేస్తారు?

1994, వానాకాలం చివర. చర్ల దాటాక అడవిలో ఉన్న ఒక చిన్న డ్యాం మీద నేను అసిస్టెంట్ ఇంజనీర్‌ని. పాపకు పది నెలలు. పక్కనే క్వార్టర్‌లో మా అమ్మ దాన్ని చూసుకునేది. పొయ్యి దగ్గరికి పాకిందేమో, గుక్కపట్టి ఏడుస్తోందేమో అని నా మనసెప్పుడూ అటే లాగేది. ఇప్పుడు పాపా, తర్వాత పుట్టిన బాబూ పడుకున్నాక ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి వాళ్ళ ఊపిరి చూసి వస్తున్నాను.

ఆ రోజు హైదరాబాద్ నుంచి ఎనిమిది మంది కాలేజీ పిల్లలు, వాళ్ళ శిక్షకుడు రఘు రాఫ్టింగ్‌కు వచ్చారు. గాలి నింపిన రబ్బరు పడవల్లో తెడ్లు వేస్తూ, రాళ్ళ మీద దుమికే నీటిలో పోవడమన్నమాట. మా ఏటికి ఆ దూకుడు గేటు ఎత్తితేనే వస్తుంది. పై ఆఫీసు అనుమతి ఉంది కనుక సైరన్ మోగించి ఒక గేటు కొంచెం ఎత్తించాను. సైరన్ వినగానే కింద పిల్లలు చప్పట్లు కొట్టారు.

వాళ్ళు మలుపు తిరిగిన కాసేపటికి ఎగువన బస్తర్ వైపు గేజ్ స్టేషన్, అంటే ఏటి మట్టం కొలిచే చోటు నుంచి వైర్‌లెస్ వచ్చింది. అక్కడ కుంభవృష్టి. డ్యాంలోకి వచ్చే నీరు, మేము ఇన్‌ఫ్లో అంటాం, ఒక్కసారిగా పెరుగుతోంది. ఇక గేట్లన్నీ ఎత్తక తప్పదు. ఎత్తితే ఆ పిల్లల మీదికే.

ఎత్తిన గేటును కూడా దింపమన్నాను. ఆపరేటర్ సమ్మయ్య నన్ను వింతగా చూశాడు.

"వరద వస్తాంటె గేటు మూసుడేంది మేడమ్?"

నీళ్ళు ఆగితే పడవలు రాళ్ళ మీద ఆగుతాయి, పిల్లలు దిగి ఒడ్డెక్కుతారు అన్నాను. సైరన్ ఆపకుండా మోగించాం. జీపులో చూసి రమ్మని పంపిన డ్రైవర్ తిరిగొచ్చాడు. పిల్లలు ఒడ్డెక్కలేదు. సైరన్ వినగానే హెల్మెట్లు బిగించుకుని మళ్ళీ పడవల్లో కూర్చున్నారట. నీళ్ళొస్తున్నయని అరిస్తే, తెలుసు తెలుసని చేతులూపారట.

అది మోగినంతసేపూ వాళ్ళు నీళ్ళ కోసమే కూర్చుంటారని సైరన్ ఆపించాను. ఎఫ్.ఆర్.ఎల్. అంటే జలాశయం నిలుపుకోగలిగిన చివరి మట్టం. దానికి గోడ మీద ఎర్రగీత ఉంటుంది. నీరు పెరిగి దానికి మూరెడు దూరంలోకి వచ్చేసింది. పొద్దున నీళ్ళు వదిలిన మనిషి చెబితే వింటారనిపించి నేనే బయల్దేరాను.

"నేను వచ్చేలోపు గీత తాకితే గేట్లెత్తు సమ్మయ్యా. నా కోసం చూడకు."

అతను మా క్వార్టర్ వైపు ఒకసారి చూసి, "జల్దీ రండి" అన్నాడు.

ఏరు ఖాళీ అయింది. అన్నేళ్ళూ నీటి కింద ఏముందో నేను చూడలేదు. పడుకున్న ఏనుగుల మందలా నల్లటి రాళ్ళు, గుంటల్లో కొట్టుకుంటున్న చేపలు, చెవులు మూసుకుపోయినంత నిశ్శబ్దం. ఆ నడుమ, ఆరిపోతున్న రాళ్ళ మీద రెండు పసుపు పడవలు. వాటిలో తెడ్లు పట్టుకుని, బస్సు కదలాలని చూస్తున్నవాళ్ళలా తొమ్మిది మంది.

"ఇంకెప్పుడు వదులుతరు మేడమ్? పొద్దున తిన్నది అరిగిపోయింది" అని ఒకమ్మాయి నవ్వింది. అనుమతి సాయంత్రం దాకా ఉందని రఘు గుర్తుచేశాడు.

"పైన వరద. గీత తాకితే నన్ను కూడా చూడకుండ గేట్లెత్తమని చెప్పి వచ్చిన."

రఘు నా మొహం చూశాడు. తెడ్డు అక్కడే పడేశాడు.

పడవలు వదిలేసి అందరం గట్టెక్కి ఊపిరి పీల్చుకుంటుండగా మొదట చల్లటి గాలి కొట్టింది. చెట్ల మీది పక్షులన్నీ లేచాయి. తర్వాత ఎర్రటి నీరు, మలుపు దగ్గర గోడలా నిలబడి వచ్చింది. ఏనుగుల్లాంటి ఆ రాళ్ళు ఒక్కొక్కటే మునిగిపోయాయి. పడవలు ఎటు పోయాయో కనబడలేదు. కాళ్ళ కింద నేల అదురుతోంది. ఇందాక నవ్విన అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ ఏదో ఒక భయంతో కొట్టుకునే నా మనసు ఆ నీటి ముందు నోరు మూసుకుంది. అంత పెద్దదాని ఎదుట భయానికి కూడా చోటు లేదు.

మా సైరన్‌కు మేము చెప్పుకునే అర్థం ఒకటి, వినేవాళ్ళకు తెలిసిన అర్థం ఒకటి. ఆ పిల్లలు పట్నం వాళ్ళు కనుక అలా పొరబడ్డారనుకున్నాను. అయినా మనసు ఊరుకోక, ఆ వారమే ఏటి వెంబడి ఉన్న గూడేలకు పోయాను. మొదటి ఇంట్లో ఇప్పపూలు ఎండబెడుతున్న... కాదు, అది ఎండాకాలం సంగతి, గింజలు చెరుగుతున్న ఒకామెను సైరన్ మోగితే ఏం చేస్తారని అడిగాను. ఆమె పక్కన మా పాప ఈడు పిల్ల కూర్చుని ఉంది.

"ఉతికే బట్టలు మూట కట్టుకొని పిల్లనెత్తుకొని ఏట్లకు పోతం" అందామె. "కొత్త నీళ్ళొస్తయి గద మేడమ్."