గుడ్డ చాటు సంతకాలు

ఫ్లైయింగ్ క్లబ్బు వడ్రంగి మేస్త్రికి కాగితాల మేస్త్రి అనే మారుపేరు ఊరికే రాలేదు. చేతికందిన ప్రతి చీటీనీ, నక్షానూ నలభై ఏళ్లుగా రేకుపెట్టెల్లో తేదీల వారీగా భద్రపరిచాడాయన. అన్నింటికీ పైన ఒక విచారణ నివేదిక ఉండేది. ఉదయాన్నే దాన్ని చదివి, పళ్లు నూరుకున్నాకే కాఫీ. పదకొండేళ్లుగా అదే నియమం.

అందులో ఒక వాక్యం కింద ఎర్రసిరా గీత: 'ప్రమాదానికి కారణం పైలట్ తప్పిదం.' ఆ పైలట్ ఆయన భార్య తమ్ముడు.

క్లబ్బువాళ్లు తమ షెడ్డులోనే కట్టుకున్న చిన్న కొయ్య విమానమది. గీసింది డిజైనరు, కట్టింది మేస్త్రి, నడిపింది బావమరిది. వేగం కోసం డిజైనరు పొట్టి రెక్కలు పెట్టాడు. అవి దూసుకుపోతున్నంతసేపే మోస్తాయి. నెమ్మదిస్తే గాలి మీద పట్టు జారిపోతుంది. అప్పుడు ముక్కు కిందికి వంచి మళ్లీ వేగం పుంజుకోవాలి. ముక్కును వంచేది తోకరెక్క. అదీ గాలికి అడ్డేనంటూ, చివరి వారంలో అటొక జానెడు, ఇటొక జానెడు కోయమన్నాడు.

"పడ్డప్పుడు లేవడానికి ఏదో ఒకటి ఉండాలి కద్సార్?"

"పడితే కదయ్యా లేచేది! కొయ్యి."

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. కొలత మారితే, మార్చమన్నవాడూ మార్చినవాడూ ఆ కొయ్య మీదే పెన్సిలుతో సంతకం చేయాలి. ఆపైనే గుడ్డ అంటించాలి. ఇద్దరూ చేశారు. గుడ్డ కప్పేసింది.

గాలిలో పట్టు జారినప్పుడు బావమరిది ముక్కు వంచే స్టిక్కును ముందుకు నెడుతూనే ఉన్నాడు. ముక్కు వంగలేదు. విమానం నేల మీద చతికిలబడి, అతని ఎడమకాలు జన్మకు బిగుసుకుపోయింది. తోక ముక్కలైంది గనుక ఎవరూ కొలవలేదు. విచారణలో డిజైనరు కోతకు ముందరి నక్షా చూపించాడు. అంత తోక ఉండీ ముక్కు వంగలేదంటే పైలట్ నెట్టనే లేదని తేల్చి, లైసెన్సు లాక్కున్నారు. శిథిలాల్లో దొరికిన తోక చివరి ముక్కను మేస్త్రి దుప్పట్లో చుట్టి దాచాడు; నోరు మాత్రం విప్పలేదు.

పదకొండేళ్ల తర్వాత క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. భద్రతా సంఘానికి అధ్యక్షుడిగా డిజైనరును ఎన్నుకుంటారట.

"ఏంటి బావా, ఎర్రసిరా తాగినట్టుంది మొహం?" అన్నాడు బావమరిది.

ఉత్తరం అతని ముందు పడేశాడు మేస్త్రి.

"పోనిద్దూ. పడ్డవాణ్ని నేను. నాకు లేని కచ్చ నీకెందుకు?"

"నీకు మతిమరుపుంది. నాకు పెట్టెలున్నాయి."

సభలో డిజైనరు గొంతు సవరించుకుని, యంత్రం తప్పు చేయదనీ, మనిషే చేస్తాడనీ మొదలుపెట్టాడు. మేస్త్రి లేచి దుప్పటి మూట బల్ల మీద పెట్టాడు.

"ఏంటిది మేస్త్రీ?"

"మీ తోకే సార్. గుర్తుపట్టలేదా?"

సభ గొల్లుమంది. మేస్త్రి చాకుతో గుడ్డను నిలువునా చీల్చాడు. కార్యదర్శి కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు: 'అటు ఇటు జానెడు కోత. నా ఆదేశం.' కింద డిజైనరు సంతకం, తేదీ. దాని కింద మేస్త్రిది.

డిజైనరు మొహం పాలిపోయినా నోరు పడిపోలేదు. "కోసింది నువ్వేగా! తోక పొట్టిదైందని పైలట్‌కి ముక్కైనా చెప్పావా?"

"చెప్పలేదు," అన్నాడు మేస్త్రి. "భయపడే ఇన్నాళ్లు దీన్ని దాచాను. ఇవాళ నేను మునుగుతాను సార్. కానీ మీ కాలర్ వదిలి మాత్రం మునగను." తన పని లైసెన్సు తీసి ఆ ముక్క పక్కనే పెట్టాడు. డిజైనరు కాగితాలు ఏరుకుంటూ తలుపువైపు నడుస్తుంటే, అడుగడుగునా తృప్తిగా చూశాడు.

వెనక వరుసలో బావమరిది చేతికర్ర ఊతంతో లేచాడు. "పదకొండేళ్లు నా ఎదురుగా కూర్చునే కాఫీ తాగావు కదూ బావా!"

నెల తిరక్కుండా సవరించిన నివేదిక వచ్చింది. పైలట్ నిర్దోషి. డిజైనరుకూ మేస్త్రికీ క్లబ్బులో ప్రవేశం లేదు. బావమరిది దాన్ని చదివి, ఎర్రసిరా కలం అడిగి తీసుకుని, ఒక వాక్యం కింద నిదానంగా గీత గీసి వెళ్లిపోయాడు: 'కోత సంగతిని మేస్త్రి పైలట్‌కు తెలియజేయలేదు.'

మేస్త్రి ఆ నివేదికను పెట్టెలో అన్నింటికీ పైన ఉంచాడు. మర్నాడు ఉదయం ముందుగా డిజైనరు పేరున్న పంక్తి చదివి ఆనందించాడు. తర్వాత ఎర్రగీత దగ్గరికి వచ్చాడు. కాఫీ చల్లారిపోయింది.