పొత్తుల బోరుకు రెండో నంబరు

2012 యాసంగి పంట రోజులు. కామారెడ్డిలో మోటార్లు, పైపులు అమ్మే ఒక దుకాణం మేడమీద, రెండు కంప్యూటర్ల గదిలో నేను పనిచేసేవాణ్ణి. మా కంపెనీ మొబైల్ స్టార్టర్లు తయారుచేసేది. అది సిమ్ కార్డు ఉన్న పెట్టె. బోరు దగ్గర బిగిస్తే రైతు ఇంటి నుంచే ఫోన్ చేసి మోటారు నడపవచ్చు, ఆపవచ్చు.

నా పని లోకలైజేషన్. అంటే సరుకు వివరాలను ఒక్కో మార్కెట్‌కూ అక్కడి భాషలో, అక్కడి అవసరానికి తగ్గట్టు తయారుచేయడం. వివరాలన్నీ ఒకే డిజిటల్ పట్టికలో ఉండేవి: పద్నాలుగు అంశాలు, పక్కన మరాఠీ, కన్నడ, తెలుగు గడులు. వెబ్‌సైట్‌కైనా, డీలర్ చేతిలోని కాగితానికైనా, ఫోన్‌లో వినిపించే గొంతుకైనా మాటలు అక్కడి నుంచే వెళ్లేవి. మరాఠీ ముందు సిద్ధమైంది. నేను ఆ వరుస మార్చకుండా తెలుగు నింపాను. ఒక్క గడి కూడా ఖాళీగా లేదని నాకు గర్వంగానే ఉండేది.

ఒక మధ్యాహ్నం డీలర్ రాజన్న కిందికి పిలిచాడు. ఎల్లారెడ్డి దగ్గరి పల్లె నుంచి సాయవ్వ అనే రైతు వచ్చింది. యాభై దాటిన మనిషి.

“ఫోన్ల వచ్చే మాటలు రాసింది నువ్వేనా సారూ?”

“నేనే అవ్వా. ఏమైంది?”

“మంచిగనే రాసినవ్. గీ డబ్బ మా పొత్తుల బోరును మా మరిదికి రాసిచ్చింది.”

ఆమెకూ, మరిది గంగారాంకూ కలిపి ఒకటే బోరు. రోజు విడిచి రోజు వంతు. పెట్టె ఇద్దరూ కలిసి కొన్నారు. బిగించిన నాడు గంగారాం నంబరు ఎక్కించారు. మా కాగితంలో మూడో అంశం: ‘ఇతరులు మోటారు నడపకుండా పెట్టెకు తాళం వేయండి.’ రాజన్న మనుషులు అలాగే తాళం వేసి, తాళంచెవి నంబరున్న మనిషికే ఇచ్చారు. ఇప్పుడు గంగారాం కోత మిషన్ మీద పనికి బీర్కూర్ వెళ్లాడు. తాళంచెవి ఆయన జేబులో ఉంది, ఆయన ఫోన్ ఎత్తడం లేదు. సాయవ్వకు నిన్నటి వంతు పోయింది. వరి పొట్టమీద ఉంది. రేపటి వంతూ పోతే గింజ తాలు పోతుంది.

“ముందుగాల బటన్ ఉండె. నా వంతు నాడు నేనే ఒత్తుకుంటుంటి. ఇప్పుడు నా నీళ్లకు ఆయన్ని అడుక్కోవాల్నా?”

పట్టిక తెరిచి చూశాను. పదకొండో అంశం: ‘ఐదు నంబర్ల వరకు నమోదు చేసుకోవచ్చు.’ రెండో పేజీలో, వారంటీకి పైన ఉంది. మరాఠీ వివరాలు తోటల రైతుల కోసం రాసినవి. అక్కడ ఎవరి బోరు వాళ్లది. వాళ్లకు తాళం ముఖ్యం, ఐదు నంబర్లు అదనపు సౌకర్యం. మా వైపు అన్నదమ్ముల మధ్య పొత్తుల బోర్లు ఉంటాయని తాడ్వాయిలో పెరిగిన నాకు తెలుసు. తెలిసి కూడా గడులు నింపుతూ పోయాను.

రాజన్న దగ్గర రెండో తాళంచెవి ఉంది. అయితే మొదటి నంబరు యజమాని ఒప్పుకోనిదే పెట్టె తెరవకూడదు, ఇంకో నంబరు ఎక్కించకూడదు. అది తొమ్మిదో అంశం, రాసిందీ నేనే. సాయంత్రం దాకా ముగ్గురం మార్చి మార్చి గంగారాంకు ఫోన్ చేశాం. మిషన్ దిగాక ఎత్తాడు. స్పీకర్ పెట్టి సంగతి చెప్పాను.

“వదిన నంబరు గూడ ఎక్కుతదా?” అన్నాడు. “గీ ముచ్చట ముందే చెప్పొద్దా సారూ? మోటర్ పెట్టు, మోటర్ బంద్ చెయ్ అని దినాం ఫోన్లే. మిషన్ చప్పుడుకు ఏం వినబడది. ఎక్కించున్రి, పుణ్యముంటది.”

“నాకేమన్న సరదానా నీకు ఫోన్ చేసుడు?” అంది సాయవ్వ పక్కనుంచి.

“ఇగ చెయ్యకు, బోరుకే చేస్కో,” అన్నాడాయన. రాజన్న నవ్వాపుకోలేకపోయాడు.

మర్నాడు పొద్దున ఎల్లారెడ్డి బస్సెక్కి వెళ్లి, పెట్టె తెరిచి ఆమె నంబరు ఎక్కించాను. సాయవ్వ ఒడ్డు మీద నిలబడి అంకెలు చెరిగిపోయిన ఫోన్ మీద తడుముకోకుండా నొక్కింది. ‘మోటారు నడుస్తున్నది’ అని ఫోన్ చెప్పింది. పైపులోంచి ముందు గాలి, తర్వాత నీళ్లు వచ్చాయి. ఆమె ఫోన్ కొంగున కట్టి పార అందుకుంది.

నాకు ఒక అనుమానం మిగిలింది. “అవ్వా, నీ వంతు నాడు ఆయన ఫోన్ చేసినా మోటారు ఆగిపోతుంది. ఈ పెట్టెకు వంతులు తెలియవు.”

“బటన్‌కు తెలుసునా ఏంది?” అంది మడికి గండి కొడుతూనే. “వంతు మాకు తెల్వాలె గని.”

తిరిగొచ్చి తెలుగు వరుస మార్చాను. మొదటి అంశం: ‘ఒక బోరు, ఐదు ఫోన్లు. పొత్తుదారులందరి నంబర్లూ ఎక్కించండి.’ తాళం ఏడో చోటికి దిగింది, పక్కన ‘ప్రతి పొత్తుదారుకూ ఒక తాళంచెవి’ అని చేరింది. మరాఠీ గడులు అలాగే ఉంచాను. కన్నడ వైపు ఎలా ఉందో నాకు తెలియదు కాబట్టి అక్కడి డీలర్‌ను కనుక్కోమన్నాను.

2014లో ఆ ఉద్యోగం మానేదాకా, కొత్త మార్కెట్ వచ్చినప్పుడల్లా పట్టిక తెరవకముందే ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: ఈ వస్తువు అక్కడ ఎంతమంది చేతుల్లో ఉంటుంది? జవాబు వచ్చాకే మొదటి గడి నింపేవాణ్ణి.